ఫాంటసీ సిరీస్ రాస్తున్నారా? ముందు మీ లోకానికి రూల్స్ రాసుకోండి

"ఫాంటసీ కదండీ, అందులో లాజిక్ ఏముంటుంది?" అనే మాట కథా చర్చల్లో తరచూ వినిపిస్తుంది. ఒక్కోసారి రాసేవాళ్ళే అంటారు. ఫాంటసీ సిరీస్‌లను ముంచేది ఈ మాటేనని నా నమ్మకం. మామూలు కుటుంబ కథలో లోకం ఎలా నడుస్తుందో చూసేవాళ్ళకి ముందే తెలుసు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సులో ఐదారు గంటలు పడుతుందనీ, నీళ్ళలో పడ్డ ఫోన్ పాడైపోతుందనీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఫాంటసీలో మాత్రం మీరు ఎంత చెబితే లోకం అంతే. అందుకే ఇక్కడ లాజిక్ బరువు రెట్టింపవుతుంది, పైగా మొత్తం రాసేవాళ్ళ మీదే పడుతుంది.

డ్రాగన్ ఎగిరిందంటే ప్రేక్షకుడు నమ్ముతాడు. ఆ పేచీ మొదటి ఎపిసోడ్‌లోనే తీరిపోతుంది. పోయిన వారం మూడు బాణాలకి కూలిన డ్రాగన్ ఈ వారం వందల బాణాల మధ్య నుంచి గీత కూడా పడకుండా వస్తే మాత్రం మొహం చిట్లిస్తాడు. మీరు ఇచ్చిన మాట మీదే మీరు నిలబడలేదని అతనికి తెలిసిపోతుంది. ఆ మాట మొదటి డ్రాఫ్ట్ నుంచి చివరి సీజన్ దాకా ఎలా నిలబెట్టుకోవాలో ఒక్కో అడుగూ చూద్దాం.

అసాధ్యమైన సంగతిని ఒక్క వాక్యంలో రాయండి

చేత్తో పట్టుకుని చూడటానికి ఒక కథ కల్పించుకుందాం. కోనసీమలో గౌతమి అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంది. ఒకచోట నీళ్ళలో మునిగి ఇంకోచోట నీళ్ళలో తేలగలదు. మన సిరీస్‌లో అసాధ్యం ఇదొక్కటే.

మీ కథకీ ఇలాంటి వాక్యం ఒకటి రాయండి. రాయడానికి మూడు వాక్యాలు పడుతుంటే మీ దగ్గర మూడు కథలు ఉన్నట్టు. గౌతమి నీళ్ళలో ప్రయాణిస్తుంది, వాళ్ళ అమ్మమ్మకి భవిష్యత్తు కనిపిస్తుంది, ఇంట్లో ఆవు మాట్లాడుతుంది అని మొదలుపెడితే ప్రతి చిక్కులోనూ చూసేవాడికి అనుమానం వస్తూనే ఉంటుంది: అమ్మమ్మ ముందే ఎందుకు చెప్పలేదు? ఆవు దొంగని చూసింది కదా? ఒక్క శక్తికి సమాధానాలు చెప్పడానికే ఒక సీజన్ సరిపోతుంది.

హద్దు, ఖరీదు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

శక్తి ఏం చేయగలదో రాయడం తేలిక. ఏం చేయలేదో, చేసినప్పుడు ఏం పోతుందో రాయడంలోనే కథ దొరుకుతుంది. గౌతమి విషయంలో నేనైతే ఇలా రాసుకుంటాను.

ఇంతకుముందు తల మునిగేలా స్నానం చేసిన చోటికే వెళ్ళగలదు. ఇవతలా అవతలా నిలువు లోతు నీళ్ళు ఉండాలి. ఉప్పు నీళ్ళలో కుదరదు. ఇంకో మనిషిని వెంట తీసుకెళ్ళలేదు. ఒంటి మీద ఉన్నవి, చేతిలో ఉన్నవి మామూలుగానే తడుస్తాయి. తేలిన తర్వాత చలిజ్వరం వస్తుంది, దూరం పెరిగేకొద్దీ జ్వరం ఎక్కువ రోజులు ఉంటుంది.

ఆరు రూల్స్ అయ్యాయి. ఇప్పుడు వీటిని తీసుకెళ్ళి ఆ నేల మీద పెట్టి చూడండి. ఏటా వేసవిలో గోదావరి డెల్టా కాలువలకి నీళ్ళు ఆపేసి మరమ్మతులు చేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. అంటే ఎండాకాలంలో గౌతమికి దారులు చాలా వరకు మూసుకుపోతాయి. బావులు, పెద్ద చెరువులు, గోదావరి పాయ మాత్రమే మిగులుతాయి. సీజన్ మధ్యలో హీరోయిన్‌ని ఇరుకున పెట్టడానికి వేరే విలన్ అక్కర్లేదు, మే నెల చాలు. అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఉప్పెక్కుతాయి. కాబట్టి పొద్దున పనిచేసిన రేవు సాయంత్రం పనిచేయకపోవచ్చు. వరి పొలాలు రొయ్యల చెరువులుగా మారిన చోట చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఉప్పగా అయిపోతున్నాయని రైతులు ఎప్పటినుంచో గోల పెడుతున్నారు. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఎకరం తర్వాత ఎకరం కొని చెరువులు తవ్విస్తుంటే, గౌతమి అనే మనిషి ఉందని కూడా అతనికి తెలియకుండానే ఆమె లోకాన్ని బావి బావిగా చిన్నది చేసేస్తున్నాడు. ఉప్పు నీళ్ళు పనికిరావన్న ఒక్క రూల్ లోంచి సీజన్‌కి సరిపడా గొడవ పుట్టింది. రూల్స్ పెడితే కథకి కాళ్ళు కట్టేసినట్టవుతుందని భయపడేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోవాలి.

ఖరీదు విషయంలో కచ్చితంగా ఉండండి. జ్వరం వస్తుందని రాశాక, క్లైమాక్స్‌లో నాలుగుసార్లు మునిగి తేలి ఐదోసారి విలన్‌తో కలబడితే, అప్పటిదాకా చూపించిన జ్వరాలన్నీ నటనే అయిపోతాయి. ఆ నాలుగు మునకలకీ వారం రోజుల ఆస్పత్రి మంచం చూపించాలి. లేదంటే ఒక్క మునకతోనే పని తేలేలా క్లైమాక్స్ మార్చుకోవాలి.

రూల్స్ తప్పకుండానే చిక్కుముడి విప్పడం ఎలాగో మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. హిరణ్యకశిపుడి వరం చూడండి. మనిషి వల్ల గాని, జంతువు వల్ల గాని, పగలు గాని, రాత్రి గాని, ఇంటా బయటా, నేల మీదా ఆకాశంలో, ఆయుధంతో చావు లేదు. నరసింహుడు వచ్చి ఆ వరంలో ఒక్క ముక్క కూడా రద్దు చేయలేదు. సంధ్యవేళ, గడప మీద, తొడ మీద పడుకోబెట్టి, గోళ్ళతో చీల్చాడు. ప్రతి షరతూ అలాగే ఉంది, అయినా రాక్షసుడు చచ్చాడు. మీ క్లైమాక్స్ రాసేటప్పుడు పెట్టుకోవాల్సిన పరీక్ష ఇదే: మీరు రాసిన రూల్స్‌లో దేన్నీ కొట్టేయకుండా హీరో గెలిచాడా?

ఆ శక్తి వల్ల రోజువారీ బతుకు ఎలా మారుతుందో చూడండి

గౌతమి జుట్టు ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఫోన్ వెంట తీసుకెళ్ళాలంటే నీళ్ళు చొరబడని కవర్ కావాలి. ఈత రావాలి, చీర కట్టుకుని మునగడం కష్టం. ఇవన్నీ చిన్నవే కానీ ఇంట్లో వాళ్ళ కంట పడేవి ఇవే.

రూల్స్ ప్రేక్షకుడికి చెప్పాల్సింది కూడా ఇలాంటి చోట్లే. ఎవరో పెద్దాయన అరుగు మీద కూర్చుని "అమ్మా, నీ శక్తికి ఆరు నియమాలున్నాయి" అని పాఠం చెబితే ఎవరికీ గుర్తుండదు. బదులుగా ఒక వంటింటి సీన్ రాయండి.

"ఈ వేళప్పుడు తలస్నానం ఏంటే?"

"ఉక్కగా ఉందమ్మా."

"ఒళ్ళు కాలిపోతుంటే ఉక్క అంటావేంటి? ఇలా రా."

ఖరీదు ఏంటో తెలిసిపోయింది, శక్తి రహస్యంగా ఉందని తెలిసిపోయింది, తల్లికి అనుమానం మొదలైంది. ఉప్పు నీళ్ళ రూల్ చెప్పాలంటే దాన్ని ఒకసారి విఫలం చేయండి. ఎవరో తరుముతుంటే గౌతమి ఒక చెరువులో దూకుతుంది. ఎక్కడికీ వెళ్ళదు. బురద తగిలి, ఉప్పు నీళ్ళు మింగి, దగ్గుతూ అక్కడే లేస్తుంది. గట్టు మీద నలుగురు చూస్తుంటారు. ఆ సీన్ చూసినవాడు ఆ రూల్ ఇక మర్చిపోడు.

ఇక ఆ శక్తి ఒక్కరికి కాకుండా వందమందికి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. ప్రతి బావికీ మూత, మూతకి తాళం ఉంటాయి. డబ్బున్న ఇంటి పెరట్లో చెరువు ఉండదు. పుష్కరాల్లో ఎవరెవరు మునిగారో పోలీసులు రాసుకుంటారు. పెళ్ళిచూపుల్లో "మీ అమ్మాయి ఎక్కడెక్కడ మునిగింది?" అని అడుగుతారు. శక్తి అందరికీ ఇచ్చి ఊరిని మాత్రం మామూలు ఊరిలాగే ఉంచేస్తే ఆ లోకం అట్టముక్కల సెట్‌లా కనిపిస్తుంది.

దూరాలకీ రోజులకీ లెక్క కట్టండి

ఈ ఒక్క విషయంలో ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఉంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే ఇంగ్లీష్ ఫాంటసీ సిరీస్ 2011 నుంచి 2019 దాకా 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లో రాజు రాబర్ట్ పరివారం రాజధాని నుంచి ఉత్తరాన ఉన్న వింటర్‌ఫెల్‌కి వస్తుంది. నెల రోజులుగా ప్రయాణంలో ఉన్నామని రాణి ఒక్క ముక్క అంటుంది. ఆ ఒక్క ముక్కతో ఆ దేశం ఎంత పెద్దదో మనకి అందింది. ఉత్తరాన ఏదైనా జరిగితే దక్షిణాన తెలియడానికి రోజులు పడుతుంది, సాయం రావడానికి నెలలు పడుతుంది. మొదటి సీజన్లలో మనం పడ్డ టెన్షన్‌లో సగం ఈ దూరంలోంచే వచ్చింది. కొడుకు రాబ్ సైన్యంతో బయల్దేరాడు, తండ్రి జైల్లో ఉన్నాడు, మధ్యలో ఒక నది, దాని మీద వంతెన, ఆ వంతెనకి ఒక యజమాని.

2017లో వచ్చిన ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఆ దూరం మాయమైంది. ఉత్తర సరిహద్దు గోడకి అవతల గడ్డకట్టిన సరస్సు మధ్యలో, హీరోల్లో ఒకడైన జాన్ స్నో, అతని మనుషులు చిక్కుకుంటారు. వాళ్ళలో గెండ్రీ అనేవాడు పరుగెత్తుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాలి. అక్కడి నుంచి కాకి ఉత్తరంతో దక్షిణాన సముద్రంలో ఉన్న డ్రాగన్‌స్టోన్‌కి ఎగరాలి. ఉత్తరం చదివి అక్కడున్న రాణి డెనేరిస్ తన డ్రాగన్లతో అంత దూరమూ తిరిగి రావాలి. తెర మీద చూస్తే ఇదంతా ఒక రాత్రిలో అయిపోయినట్టే ఉంటుంది. సమయం విషయంలో కొంత మసక ఉందని ఆ ఎపిసోడ్ దర్శకుడు అలన్ టేలర్ కూడా ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. నాకు బాధ కలిగించేది లెక్క తప్పడం ఒక్కటే కాదు. సాయం రాత్రికి రాత్రే రాగలదని ఒకసారి తెలిశాక, ఆ తర్వాత ఎవరు ఎక్కడ చిక్కుకున్నా మనకి భయం వేయదు. దూరంతో పాటు ప్రమాదం కూడా పోయింది. మొదటి ఆరు సీజన్లలో పదేసి ఎపిసోడ్లు ఉండగా ఏడోదానిలో 7, ఎనిమిదోదానిలో 6 మాత్రమే ఉన్నాయి. కథ అయితే అంతే పెద్దది. ఎపిసోడ్లు తగ్గినప్పుడు మొదట మింగేసేది ప్రయాణాలనే.

మీరు చేయాల్సిన పని ఇది. ఒక కాగితం మీద మ్యాప్ గీయండి, అందంగా ఉండక్కర్లేదు. ముఖ్యమైన చోట్ల మధ్య గీతలు గీసి, గీత మీద కిలోమీటర్లు కాకుండా రోజులు రాయండి. రాజుల కాలం లాంటి కథ అయితే మనిషి నడక రోజుకి సుమారు 25 నుంచి 30 కిలోమీటర్లు. గుర్రాన్ని చంపకుండా రోజూ నడిపించాలంటే 40 నుంచి 50. ఎడ్లబండ్లు, సామాన్లతో కదిలే సైన్యం 20 దాటడం కష్టం. ఈ అంకెలు పెట్టుకుంటే మీ యువరాజు పొద్దున్నే బయల్దేరి 400 కిలోమీటర్ల అవతల మధ్యాహ్నానికి పెళ్ళి ఆపలేడు. పది రోజుల ముందు బయల్దేరాలి. అంటే పెళ్ళి కబురు పది రోజుల ముందే అందాలి. ఆ కబురు ఎవరు మోసుకొచ్చారన్నది మీకు కొత్త సీన్.

కబురు అంటే గుర్తొచ్చింది, పావురాలని కూడా జాగ్రత్తగా వాడండి. నిజం పావురం మనం చెప్పిన చోటికి వెళ్ళదు, అది పెరిగిన గూటికి తిరిగి వస్తుంది. కోట నుంచి రాజధానికి కబురు పంపాలంటే రాజధానిలో పెరిగిన పావురాలని ముందుగా బుట్టలో కోటకి తెచ్చిపెట్టుకోవాలి. ఉన్న నాలుగూ ఎగిరిపోయాక కోట మూగబోతుంది. ముట్టడి కథ రాసేవాళ్ళకి ఇంతకన్నా మంచి హద్దు దొరకదు.

ఎవరికి ఏం తెలుసో పట్టిక వేయండి

సిరీస్‌లలో ఎక్కువ తప్పులు మాయల దగ్గర జరగవు, సమాచారం దగ్గర జరుగుతాయి. నిలువు గడుల్లో ఎపిసోడ్లు, అడ్డ గడుల్లో పాత్రలు పెట్టి ఒక ఎక్సెల్ షీట్ తయారు చేయండి. ప్రతి గడిలో ఆ ఎపిసోడ్ అయ్యేసరికి ఆ మనిషికి కొత్తగా ఏం తెలిసిందో ఒక వాక్యం రాయండి. నాలుగో ఎపిసోడ్‌లో గౌతమి తన రహస్యం స్నేహితురాలు శిరీషకి చెప్పింది. ఏడో ఎపిసోడ్‌లో మేనమామ "ఆ బావి జోలికి వెళ్ళకే" అని హెచ్చరించాడు. ఆయనకి ఎలా తెలుసు? మధ్యలో గడి ఖాళీగా ఉంటే రెండే దారులు. తెలిసిన సీన్ రాయాలి, లేదా ఆ డైలాగ్ తీసేయాలి. ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి పాత్రకీ తెలిసే ఉంటుందని రాసేవాళ్ళ బుర్ర తనంతట తనే అనుకుంటుంది. ఈ పొరపాటుకి పట్టిక ఒక్కటే మందు.

వాడబోయేదాన్ని ముందే చూపించి పెట్టండి

తొమ్మిదో ఎపిసోడ్‌లో గౌతమి ఉన్నపళంగా అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్ళాలి అనుకుందాం. బస్సులో రెండు గంటలు, అంత టైమ్ లేదు. బావిలో దూకి పుష్కర ఘాట్‌లో తేలితే బావుంటుంది. కానీ ఆమె అక్కడ ఎప్పుడు మునిగింది?

2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి. కథ 2025లో నడుస్తుంటే అప్పటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. మొదటి ఎపిసోడ్‌లోనే వాళ్ళ ఇంటి గోడ మీద ఒక ఫోటో పెట్టండి: నాన్న భుజం మీద తడిసిన తలతో పిల్ల, వెనక ఘాట్ మెట్లు, జనం. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. నాలుగో ఎపిసోడ్‌లో నాన్న సంవత్సరీకం నాడు తల్లి ఆ ఫోటోకి దుమ్ము తుడుస్తూ "ఆయన చేతుల్లోనే ముంచి తీశారు నిన్ను" అంటుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో గౌతమి ఆ ఫోటో వైపు చూడగానే చూసేవాళ్ళు ఆమెకన్నా అర సెకను ముందే కుర్చీలో ముందుకి జరుగుతారు. ఫోటో లేకుండా అదే సీన్ రాస్తే "కథ కోసం కలిపారు" అంటారు.

చూపించినప్పటికీ వాడినప్పటికీ మధ్య ఎడం ఉండాలి. అదే ఎపిసోడ్‌లో చూపించి అదే ఎపిసోడ్‌లో వాడితే ఎత్తు తెలిసిపోతుంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో 2016లో జాన్ స్నో చచ్చి బతికినప్పుడు జనం గగ్గోలు పెట్టలేదు. ఎందుకంటే మూడేళ్ళ ముందు మూడో సీజన్‌లోనే బెరిక్ అనే వీరుడిని చచ్చినప్పుడల్లా ఒక పూజారి బతికిస్తున్నాడని చూపించారు. బతికిన ప్రతిసారీ తనలో కొంత తరిగిపోతోందని బెరిక్ చెబుతాడు కూడా. శక్తి ఉంది, ఖరీదు కూడా ఉంది. అయితే జాన్ బతికాక ఆ తరుగు అతనిలో పెద్దగా కనిపించదు. రూల్ వాడుకుని బిల్లు కట్టలేదన్నమాట. ఆ సిరీస్‌ని ఎంతో ఇష్టపడ్డ నాకు ఆ బాకీ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

రూల్ పెంచాల్సి వస్తే పాత రూల్ లోంచే పెంచండి

సీజన్లు గడిచేకొద్దీ శక్తి పెరగాలి, లేకపోతే కథ కదలదు. దీన్ని అందంగా చేసిన యానిమేషన్ సిరీస్ 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' (2005–2008). మొదటి సీజన్‌లో మట్టినీ రాళ్ళనీ కదిలించగలిగే వాళ్ళని సముద్రం మధ్యలో లోహపు కట్టడంలో ఖైదు చేస్తారు. అక్కడ మట్టి లేదు, లోహం వాళ్ళ మాట వినదు. అది రూల్. రెండో సీజన్ చివర్లో టాఫ్ అనే చూపులేని అమ్మాయిని లోహపు పెట్టెలో బంధిస్తారు. ఆమె లోహాన్ని వంచి బయటికి వస్తుంది. రూల్ తప్పారా? లేదు. లోహం కూడా మట్టిని శుద్ధి చేస్తే వచ్చిందే, అందులో ఇంకా మట్టి రేణువులు మిగిలి ఉంటాయి. కాళ్ళతో, చేతులతో భూమి కంపనాలని పట్టి "చూసే" మనిషి కాబట్టి ఆ రేణువులు ఆమెకి తగిలాయి. ఆమె గురించీ మట్టి గురించీ అప్పటికే మనకి తెలిసిన సంగతులే కలిసి కొత్త శక్తి అయ్యాయి. అదే సిరీస్ ఆఖర్లో మనుషుల శక్తిని తీసేసే విద్య ఒకటి హఠాత్తుగా చేతికొస్తుంది. అది ఎందుకో అతుకు వేసినట్టుంటుందని చాలామంది అభిమానులు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. రెంటికీ తేడా పాత రూల్స్‌లో వేరు ఉండటం, లేకపోవడమే.

ఒక వస్తువు అన్ని చిక్కులకీ తాళంచెవి అయిపోతే ధైర్యంగా తీసేయండి. బ్రిటిష్ సిరీస్ 'డాక్టర్ హూ'లో హీరో చేతిలో ఉండే సోనిక్ స్క్రూడ్రైవర్ ఏ తలుపైనా తెరిచేస్తోందని, రాసేవాళ్ళకి అది మరీ సుళువైపోయిందని 1982లో కథలోనే దాన్ని ధ్వంసం చేయించారు. ఆగిపోయిన సిరీస్ మళ్ళీ మొదలై, అందులో అది తిరిగొచ్చాక చెక్క మీద పనిచేయదనే హద్దు పెట్టారు. ఒక మామూలు చెక్క తలుపు మళ్ళీ అడ్డంకి అయింది.

మనుషులు కూడా రూల్స్ పాటించాలి

మాయ కన్నా ముందు నమ్మించాల్సింది మనుషులని. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో కొండ చాటు నుంచి వచ్చిన శత్రువు యురాన్ నౌకలు పెద్ద బాణాలతో డెనేరిస్ డ్రాగన్‌ని ఒకదాన్ని కూల్చేస్తాయి. ఆ నౌకల సంగతి డెనేరిస్ కాస్త మర్చిపోయిందని ఎపిసోడ్ తర్వాత వచ్చిన వివరణలో రచయితల్లో ఒకరు చెప్పారు. అదే ఎపిసోడ్‌లో యుద్ధ మంతనాల దగ్గర ఆ నౌకల ప్రస్తావన వచ్చింది! తెలివైన మనిషిని కథ అవసరం కొద్దీ ఒక్క పూట మతిమరుపు మనిషిని చేస్తే, ఆ దెబ్బ డ్రాగన్ లెక్క తప్పడం కన్నా లోతుగా తగులుతుంది. తర్వాతి ఎపిసోడ్‌లో అవే బాణాలు ఒక్కటీ తగలవు.

దీని పక్కన 2013లో వచ్చిన మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ పెట్టి చూడండి. పెళ్ళి విందులో జరిగిన ఆ హత్యాకాండకి లోకమంతా అదిరిపోయింది, అన్యాయంగా రాశారని మాత్రం అనలేకపోయింది. వంతెన దాటడానికి రాబ్ పెళ్ళి మాట ఇచ్చింది మొదటి సీజన్‌లో. ప్రేమ కోసం ఆ మాట తప్పింది రెండో సీజన్‌లో. వంతెన యజమాని వాల్డర్ ఫ్రే ఎలాంటివాడో ముందే చూశాం. అతిథులకి రొట్టె, ఉప్పు పెట్టి అభయం ఇవ్వడం చూశాం కాబట్టే ఆ అభయం తప్పినప్పుడు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ప్రతి మనిషీ తన స్వభావం ప్రకారమే నడిచాడు.

మీ స్క్రిప్ట్‌లో ప్రతి పెద్ద మలుపు దగ్గరా ఆగి, విలన్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. నాకు తెలిసినంతలో నేనైతే ఏం చేస్తాను? మీకు తట్టిన ఉపాయం మీరు రాసినదాని కన్నా తెలివిగా ఉంటే విలన్‌ని మార్చి రాయండి. చూసేవాళ్ళకీ అదే తడుతుంది.

బైబిల్ రాసి, దానికి ఒక మనిషిని పెట్టండి

నవలకి ఒక్కరే రచయిత. టీవీలో అలా కుదరదు. మన డైలీ సీరియల్ వారానికి ఐదారు రోజులు వస్తుంది, కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఒకరు రాయడం మామూలే. మధ్యలో మనుషులు మారతారు, ఆర్టిస్ట్ డేట్లు దొరకవు, ట్రాక్ రాత్రికి రాత్రి మారుతుంది. ఇలాంటి చోట రూల్స్ తలలో పెట్టుకుంటే మిగలవు. సిరీస్ బైబిల్‌లో, అంటే కథ లెక్కలన్నీ ఒకచోట రాసిపెట్టుకునే పుస్తకంలో, రూల్స్ ఒక పేజీ, మ్యాప్ ఒక పేజీ, పట్టిక, ఎవరికి ఏ గాయం ఎప్పుడు తగిలిందో, ఎవరి వయసెంతో, ఇప్పటిదాకా గౌతమి ఎక్కడెక్కడ మునిగిందో ఉండాలి. వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరస) ఖాయం చేసే రోజు ఆ బైబిల్ టేబుల్ మీద ఉండాలి. బట్టలు, బొట్టు కంటిన్యుటీ చూడటానికి అసిస్టెంట్ డైరెక్టర్ ఉన్నట్టే, కథ కంటిన్యుటీకి ఒకరికి బాధ్యత అప్పగించండి. "ఈ సీన్ కుదరదు" అనే హక్కు కూడా ఆ మనిషికి ఇవ్వండి.

తప్పు ప్రసారమైపోతే

అన్ని తప్పులూ ఒకటి కావు. 2019 మేలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' విందు సీన్‌లో ఒక కాఫీ కప్పు కనబడి ప్రపంచమంతా నవ్వుకుంది. ఆ సిరీస్ ప్రసారం చేసిన హెచ్‌బీఓ దాన్ని తర్వాత డిజిటల్‌గా తుడిచేసింది, కథకి ఏ నష్టమూ జరగలేదు. వస్తువు తప్పు తుడిస్తే పోతుంది. రూల్ తప్పితే కథలోనే సర్దాలి.

మూడో ఎపిసోడ్‌లో గౌతమి ఇంకో ఊరి రేవులో తేలి, మెట్ల మీద కూర్చుని పొడిగా ఉన్న ఫోన్‌తో శిరీషకి కాల్ చేసింది అనుకోండి. షూటింగ్‌లో ఎవరూ పట్టించుకోలేదు, ఎపిసోడ్ వెళ్ళిపోయింది, కామెంట్లలో పట్టుకున్నారు. మిన్నకుండిపోవద్దు, కొత్త రూల్ కనిపెట్టి "ఆమె ఫోన్ తడవదు" అని కూడా అనొద్దు. చూసేవాళ్ళ ప్రశ్న శిరీష నోట అడిగించండి: "ఆ రోజు నీ ఫోన్ ఎందుకు తడవలేదే?" పాత ఫోన్ ఒకటి ఆ రేవు దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర దాచి ఉంచానని గౌతమి చెబుతుంది. మరి బస్సు దిగకుండా, చెప్పుల్లేకుండా, నెత్తి మీంచి నీళ్ళు కారుతూ అస్తమానం వచ్చే ఈ పిల్లని ఆవిడ ఏమనుకుంటోంది? ఎవరికైనా చెప్పిందా? మీ ఎక్సెల్ షీట్‌లో పూలావిడ పేరుతో ఒక కొత్త వరస చేర్చి, మూడో ఎపిసోడ్ గడి నుంచి నింపుకుంటూ రండి.